పై బెర్తు ఎవరిది?

ఓడ ప్రయాణానికి టికెట్టు కొనబోయేవాళ్లు మొదట అడిగేది ఒకటే... ‘గదిలోంచి సముద్రం కనిపిస్తుందా?’ అని. ఆ తర్వాత తిండి గురించి, వాంతుల గురించి, ఫోన్ సిగ్నల్ గురించి అడుగుతారు. నలుగురు కలిసి ఒకే గదిలో వెళ్తున్నప్పుడు అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పై బెర్తు ఎవరిది?

రైల్లో అయితే ఒక్క రాత్రే. తెల్లారితే దిగిపోతాం. ఎదుటి బెర్తు ఆయన గురక కూడా ఆ స్టేషన్లోనే దిగిపోతుంది. ఓడలో అలా కాదు. మూడు రాత్రులూ అదే గది, అదే నలుగురు. పైగా ఆ నలుగురూ బంధువులే అయితే, దిగాక కూడా మొహాలు చూసుకోవాలి!

2022 జూన్‌లో మేం వెళ్లింది అలాగే. నేను, తొమ్మిదేళ్ల మా పాప, మా అమ్మ, మా అత్తగారు. మీరు సరిగానే చదివారు... ఇద్దరు వియ్యపురాళ్లు, ఒకే గది. ఈ సంగతి ఆఫీసులో చెప్పగానే మా డెస్కులో ఒకాయన ‘ఫర్వాలేదులెండి, ఓడలో లైఫ్‌బోట్లు ఉంటాయి కదా’ అని ధైర్యం చెప్పాడు. మావారికి సెలవు దొరకలేదు. దొరక్కుండా చూసుకున్నారని నా అనుమానం.

తలకింత లెక్క

హోటల్లో గదికి అద్దె. ఓడలో మనిషికింత. ఇద్దరు పట్టే గదిలో ఒక్కరే వెళ్తామంటే దాదాపు ఇద్దరి డబ్బూ అడుగుతారు. అదే గదిలో మూడో మనిషీ నాలుగో మనిషీ చేరితే వాళ్లకు టికెట్టు తగ్గుతుంది. చాలా ఓడల కంపెనీలది ఇదే పద్ధతి. రేవు రుసుమూ పన్నులూ మాత్రం ఎవరి తలకు వాళ్లకే పడతాయి. కాబట్టి నలుగురున్న కుటుంబానికి అన్నిటికన్నా చవకైన దారి, కిటికీ లేని లోపలి గదిలో నాలుగు బెర్తులూ తీసుకోవడం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఓడలో ఎంతమందిని ఎక్కించుకోవచ్చో తేల్చేది మంచాల సంఖ్య ఒక్కటే కాదు, ప్రాణరక్షణ పడవల్లో ఎంతమంది పడతారన్నది కూడా. అందుకే నాలుగు బెర్తుల గదులన్నిట్నీ నలుగురితో నింపరు. ఆలస్యంగా వెళ్తే, గది ఖాళీగానే ఉన్నా ‘ఇద్దరికైతేనే ఇస్తాం’ అనే జవాబు రావచ్చు.

మాకు డబ్బు ఒక్కటే కారణం కాదు. నాన్న పోయి అప్పటికి ఏడాది. రాజమండ్రిలో అంత ఇంట్లో అమ్మ ఒక్కతే. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి ఉన్నవి రెండే పడగ్గదులు. ఒకటి మాది, రెండోది అత్తయ్యది, పాపది. వచ్చెయ్యమ్మా అంటే అమ్మది ఏడాదిగా ఒకటే మాట... ‘వియ్యపురాలి గదిలో నేనెలా ఉంటానే?’ అత్తయ్యనడిగితే ‘రమ్మను, దానికేముంది’ అనేవారు. ఆ ‘దానికేముంది’లో ఎంత ఉంటుందో కోడళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

కాస్త బిగబట్టుకుంటే రెండు గదులు తీసుకోగలిగేవాళ్లమే. తీసుకుంటే ఏమవుతుంది? అమ్మా నేనూ ఒక గదిలో, అత్తయ్యా పాపా ఇంకో గదిలో. దానికోసం సముద్రం మీదికి వెళ్లడమెందుకు? మూడు రాత్రులు నలుగురం ఒకేచోట ఉంటే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. టికెట్లు చవగ్గా వస్తున్నాయని మాత్రం చెప్పాను.

‘ఇదేనా గది?’

మేం ఎక్కిన ఓడ కార్డీలియా ఎంప్రెస్. చెన్నై నుంచి బయల్దేరి జూన్ 8న విశాఖ చేరింది. ఆ ఓడ విశాఖకు రావడం అదే మొదలు. అక్కడ మేం ఎక్కి, 11న చెన్నైలో దిగాలి. (విశాఖలో ఇప్పుడున్న అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. మేం వెళ్లేనాటికి అది పూర్తికాలేదు.)

ఓడకు పెద్ద చరిత్రే ఉంది. ఫ్రాన్సులో తయారై 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో నీళ్లమీదికొచ్చింది. అమెరికా నుంచి మూడు నాలుగు రాత్రుల చిన్న విహారాలకని రాయల్ కరీబియన్ కంపెనీ కట్టించుకుంది. పేర్లూ చేతులూ మారి 2021 సెప్టెంబరు నుంచి మన తీరాల్లో తిరగడం మొదలుపెట్టింది. పొడవు 211 మీటర్లు, 48 వేల టన్నుల పైచిలుకు. రేవులో కింద నిలబడి తలెత్తి చూస్తే పదకొండు అంతస్తుల అపార్ట్‌మెంటే. కానీ 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ దాదాపు రెండున్నర లక్షల టన్నులు. దాని పక్కన ఇది చెల్లెలి కూతురిలా ఉంటుంది. ఆ తరం ఓడలు కట్టినవాళ్లు గదుల మీద పెద్దగా చోటు ఖర్చుపెట్టలేదు. మనిషి గదికి వచ్చేది పడుకోవడానికేగా, తక్కిన పొద్దంతా డెక్కుమీదే ఉంటాడుగా అన్నది వాళ్ల లెక్క.

తలుపు తియ్యగానే అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

‘ఇదేనా గది? లేక ఇది దాటి లోపలుందా?’

మొత్తం కలిపి 120 చదరపు అడుగులకు అటూఇటూ. రైల్లో ఫస్టు ఏసీ నాలుగు బెర్తుల కేబిన్‌కి ఓ బుల్లి బాత్‌రూమ్ అతికిస్తే ఎలా ఉంటుందో అలా. కింద రెండు మంచాలు. మధ్యలో ఒక మనిషి నడిచే సందు. ఎదురుగా అద్దం, చిన్న బల్ల, ఒకే ఒక్క కుర్చీ. మరి మిగతా రెండు పడకలు ఎక్కడా అని చూస్తే... గోడలోకి మడిచేసి ఉన్నాయి. వీటిని పుల్‌మన్ బెర్తులంటారు. 19వ శతాబ్దంలో అమెరికాలో రైళ్లకు పడక పెట్టెలు చేసిన జార్జ్ పుల్‌మన్ పేరు అలా ఓడల్లోకి కూడా వచ్చి స్థిరపడింది. రాత్రి మనం భోజనానికి వెళ్లినప్పుడు గది చూసే కుర్రాడొచ్చి వాటిని దించి, పక్కలేసి, నిచ్చెన తగిలించి వెళ్తాడు. పొద్దున మళ్లీ మడిచేస్తాడు. అంటే పగలు పై బెర్తువాళ్లకు గదిలో ఇల్లూ వాకిలీ లేనట్టే. కింది మంచంవాళ్ల దయ!

పెట్టెలు మంచాల కిందికి తోశాం. గోడలు రేకువి కావడంతో అయస్కాంతాలు చక్కగా అతుక్కుంటాయని పాప పది నిమిషాల్లో కనిపెట్టేసింది. బాత్‌రూమ్ మరీ విడ్డూరం. అందులో తిరగాలంటే మనమే నిలబడి తిరగాలి... అంటే గిర్రున. బటన్ నొక్కితే నీళ్లతో పాటు గాలి కూడా లాగేసే మరుగుదొడ్డి. ఆ చప్పుడుకి అమ్మ ఒక్క ఉదుటున బయటికొచ్చింది. లైటు తీసేస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా అమావాస్య అర్ధరాత్రే.

అత్తయ్య అడిగింది మాత్రం ఒక్కటే... ‘దీపం ఎక్కడ పెట్టుకోవాలి?’

పెట్టకూడదు. ఓడలవాళ్లకు నీళ్లకన్నా నిప్పు భయం ఎక్కువ. కొవ్వొత్తి, అగరొత్తి, ఇస్త్రీపెట్టె ఏవీ కుదరవు. ఇది ఒక్క ఓడలో నియమం కాదు, ప్రపంచంలో ఏ విహార నౌకలోనైనా ఇంతే. నలభై ఏళ్లుగా దీపం పెట్టకుండా కాఫీ ముట్టని మనిషి ఆవిడ. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే అమ్మే అందుకుంది. ‘పొద్దున్నే పైకెళ్లి సూర్యుడికి దణ్ణం పెట్టుకుందాం వదినగారూ. అంతకన్నా పెద్ద దీపం ఎక్కడుంది?’ అత్తయ్య కాసేపు ఆలోచించి ‘తూర్పెటో కనుక్కో’ అని నాకు పని చెప్పారు. ఓడ మలుపు తిరుగుతుంటే ఈ పని ఎంత కష్టమో నాకు మర్నాడు తెల్లవారుజామున తెలిసింది.

రంగం వెళ్లిన తాతగారు

ఓడ కదిలే ముందు అందరూ చెప్పిన చోట హాజరు కావాలి. ప్రమాదమొస్తే ఎక్కడికి రావాలో, లైఫ్‌జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. చాలామంది ఇదో తలనొప్పి అనుకుంటారు కానీ, దీని వెనక పెద్ద విషాదం ఉంది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన చాలామందికి అప్పటికింకా ఈ శిక్షణ ఇవ్వలేదు. అంతకుముందు ఎక్కిన 24 గంటల్లోపు ఇస్తే సరిపోయేది. ఆ ప్రమాదం తర్వాత నిబంధన మార్చి, ఓడ బయల్దేరే ముందో బయల్దేరిన వెంటనేనో చేసి తీరాలన్నారు. కంచిపట్టు చీర మీద లైఫ్‌జాకెట్ వేసుకుంటే ఎలా ఉంటుందో అత్తయ్య అద్దంలో చూసుకుని మరీ నిర్ధారించుకున్నారు.

చీకటి పడ్డాక ఓడ కదిలింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి మెల్లగా జరుగుతుంటే, దానిమీది లైట్‌హౌస్ వెలుగు ఒక్కోసారి మా మొహాలమీదుగా పోతున్నట్టుండేది. వెనక ఊరి దీపాలు. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు... ఒకదానిమీద వెంకన్న గుడి, ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద దర్గా. విశాఖ రేవులోకి పెద్ద ఓడలు రావడం 1933లో ‘జలదుర్గ’తో మొదలైంది. అంతకుముందు ఓడలు దూరంగా లంగరేస్తే మనుషులూ సరుకులూ పడవల్లో వెళ్లి ఎక్కాల్సి వచ్చేది.

రెయిలింగ్ పట్టుకుని అత్తయ్య ఉన్నట్టుండి ‘మా తాతగారు రంగం వెళ్లింది ఇలాంటి స్టీమర్లోనే’ అన్నారు.

రంగం అంటే రంగూన్. మన కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇప్పటికీ ఈ మాట వినబడుతుంది. 19వ శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా కాకినాడ, విశాఖ లాంటి రేవుల నుంచి వేలాదిమంది తెలుగువాళ్లు బర్మా వెళ్లారు. బియ్యం మిల్లుల్లో, రేవులో కూలిపనికి. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీదే అక్కడ మనవాళ్లని ‘కోరంగీలు’ అన్నారు. వాళ్లకు కేబిన్ ఎక్కడిది? డెక్కుమీద చాప పరుచుకున్నంత మేర వాళ్ల గది. వాన వస్తే ఆ గది తడుస్తుంది. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఎంతోమంది అడవుల గుండా నడిచి తిరిగొచ్చారు. దారిలోనే పోయినవాళ్లకు లెక్క లేదు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడల్లో కూడా నలుగురికో ఆరుగురికో ఒక కేబిన్, లేదంటే వరస బంకులు... ఏళ్లతరబడి శ్రీకాకుళం, విశాఖ జిల్లాలవాళ్లు అలాగే రెండున్నర రోజులు సముద్రం దాటారు. ఆ ప్రయాణాల్ని ఎవరూ విహారం అనలేదు.

అత్తయ్య తాతగారు మాత్రం ముందే వచ్చేశారట. ఒక రేకు పెట్టె, ఒక గొడుగు, విపరీతమైన దగ్గు... ఇవీ ఆయన తెచ్చుకున్నవి. పదకొండేళ్లుగా ఆవిడతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఈ సంగతి అంతకుముందెప్పుడూ వినలేదు. అమ్మ మాత్రం ‘ఏ మిల్లు వదినగారూ?’ ‘మీ బామ్మగారు ఇక్కడే ఉండిపోయారా?’ అని ఒక్కో ప్రశ్నే అడుగుతూ పోయింది.

గురక

పై బెర్తులు పాపకీ నాకూ. అందులో చర్చే లేదు. పాపకైతే అది మంచం కాదు, చెట్టుమీది ఇల్లు. నేను మాత్రం లేచి కూర్చుంటే కప్పు తగిలేంత ఎత్తులో, పడిపోకుండా పెట్టిన పట్టీని కౌగిలించుకుని పడుకున్నాను.

ఏసీ దగ్గర మొదటి గొడవ. పాపకు ఉక్క. అత్తయ్యకు చలి. జూన్ నెలలో బంగాళాఖాతం మధ్యలో ఆవిడ మంకీక్యాప్ పెట్టుకున్నారు. తర్వాత అమ్మ తలకు బామ్ రాసుకుంది. 120 అడుగుల గదిలో ఒకరు బామ్ రాసుకుంటే నలుగురు రాసుకున్నట్టే. తొమ్మిదిన్నరకల్లా అత్తయ్య గురక మొదలైంది.

అత్తయ్య గురక సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు... ఆవిడకు తప్ప. ఎవరూ చెప్పలేదు. పాప అలవాటు పడిపోయింది. అమ్మది మొదటినుంచీ పల్చటి నిద్ర. నాన్న పోయాక అదీ లేదు. రాత్రి ఒంటిగంటకు నేను పైనుంచి తొంగిచూస్తే, బాత్‌రూమ్ తలుపు సందులోంచి వచ్చే వెలుగులో అమ్మ కళ్లు తెరుచుకునే ఉంది. మొదటి రాత్రే ఇలా అయితే ఇక నా ఆలోచన ఇక్కడితో సరి అనుకున్నాను.

పొద్దున్న కాఫీల దగ్గర అత్తయ్యే అడిగేశారు. ‘రాత్రి మీకు నిద్రపట్టినట్టు లేదు. నేనేమైనా గురక పెడతానా వదినగారూ?’

పాప నావైపు చూసింది. నేను కప్పువైపు చూశాను.

‘పెడతారు’ అంది అమ్మ. ‘ఏడాదై మా ఇంట్లో రాత్రిపూట గడియారం చప్పుడు తప్ప ఇంకేం లేదు. మీ గురక వింటుంటే పక్కన మనిషున్నారని ధైర్యంగా ఉంది. రెండింటికి నిద్రపట్టేసింది కూడా.’

అత్తయ్య ఏమీ అనలేదు. అమ్మ కప్పులోకి ఇంకాస్త పంచదార వేశారు. అమ్మకు షుగరు ఉంది. అయినా తాగేసింది.

చూడకుండా ఉండటం

రెండోరోజంతా నీళ్లే. ఫోన్లు మూగబోయాయి. అత్తయ్య ప్రవచనాలు, నా ఆఫీసు మెసేజీలు, పాప ఆటలు అన్నీ తీరంలోనే ఉండిపోయాయి. ఆ రోజు నేను గమనించిందేమిటంటే... ఆ గదిలో ఇబ్బంది పడుతున్నది పెద్దవాళ్లు కాదు, పాపా నేనూ.

నా చార్జరు ఎక్కడో, దాని తీగ ఎవరి కాలికి చుట్టుకుందో తెలీదు. తడి తువ్వాలు మంచంమీదే. పాప రంగు పెన్సిళ్లు నాలుగు మూలలా. వాళ్లిద్దరి వస్తువులు మాత్రం తీసినచోటే ఉన్నాయి. ఒకావిడ సందులో నడుస్తుంటే రెండో ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుంటుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. అయిదింటికి అమ్మ స్నానం, అయిదున్నరకు అత్తయ్య. ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బాత్‌రూమ్ గోడలోంచి లాగే సన్నటి తాడు ఒకటుంటుంది, బట్టలు ఆరేసుకోవడానికి. మా ఇద్దరికీ అది కనపడనే లేదు. ఏడింటికల్లా దానిమీద రెండు జాకెట్లు, ఒక తువ్వాలు వరసగా ఆరుతున్నాయి.

అన్నిటికన్నా ఆశ్చర్యం చీర మార్చుకోవడం. అంత ఇరుకులో, ముగ్గురం ఉండగా, అమ్మ చీర మార్చేసుకుంది. అటు తిరగండని అనలేదు. అత్తయ్యకు సరిగ్గా అప్పుడే పెట్టె జిప్పు చూసుకోవాల్సిన పని పడింది. మళ్లీ అత్తయ్య వంతు వచ్చినప్పుడు అమ్మకు గోళ్లు చూసుకోవాల్సిన పని పడింది. గదులు లేని ఇళ్లలో పెరిగినవాళ్లకు వచ్చిన విద్య అది... ఉండి కూడా చూడకుండా ఉండటం. వాళ్లది మండువా ఇల్లు, వీళ్లది నాలుగు వాటాల పెంకుటిల్లు. పద్ధెనిమిది మందికి ఒక స్నానాలగది, దానికి తడిక తలుపు. వేసవొస్తే పెరట్లో వరసగా నవారు మంచాలు. తలుపు లేనిచోట మనుషులే తలుపులేసుకునేవాళ్లు. మనకు పుట్టగానే ఒక గది ఇచ్చి దానికి గొళ్లెం పెట్టారు. ఈ విద్య నేర్చుకునే అవసరం రాలేదు.

నేను ఈ మాటే కాస్త మురిపెంగా అనేసరికి అత్తయ్య అడ్డుకున్నారు. ‘మరీ అంత ముచ్చటపడకు. ఆ ఇంట్లో ఏడుద్దామన్నా చోటుండేది కాదు. నూతి దగ్గరికెళ్లి, చేద గిలక చప్పుడు చేస్తూ ఏడ్చేవాళ్లం.’ అమ్మ తలూపింది. అమ్మది కూడా నుయ్యేనట.

తట్టిన తలుపు

ఆ రాత్రి అమ్మకూ నాకూ మాటామాటా పెరిగింది. రాజమండ్రి ఇల్లు అద్దెకిచ్చి వచ్చెయ్యమని నేను, మీ నాన్న కట్టిన ఇంట్లో ఎవరినో ఎలా పెడతావని అమ్మ. ఇంట్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరం విసురుగా పక్కగదిలోకెళ్లి తలుపేసుకునేవాళ్లం. ఇక్కడ పక్కగది అంటే బాత్‌రూమే. గొంతు పెంచితే అటువైపు గదివాళ్లకు వినబడుతుంది. గుసగుసగా పోట్లాడుకోవడమంత నరకం ఇంకోటి లేదు.

అత్తయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు. ‘పదవే, పైన ఐస్‌క్రీమ్ ఉందేమో చూద్దాం’ అని పాపను లేవదీశారు. టైము పదైంది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఏ లిఫ్టు ఎటు తేలుతుందో తెలీదు. పాపే దారి చూపించాలి. పైగా తొమ్మిదిన్నరకు నిద్రపోయే మనిషి. నలభై నిమిషాలు తిరిగిరాలేదు.

ఆ నలభై నిమిషాల్లోనే అమ్మ నోటినుంచి అసలు మాట వచ్చింది. ఇల్లు కాదు, నాన్న కాదు. ‘నేనొస్తే ఆవిడ మంచం జరపాలే. ఈ వయసులో ఒకళ్ల మంచం జరిపించి నేను పడుకోలేను.’ ఏడాదిలో ఎన్ని ఫోన్లలో అడిగానో... ఈ జవాబు ఎప్పుడూ రాలేదు.

తలుపు చప్పుడైంది. తీస్తే అత్తయ్య. గది తెరిచే కార్డు ఆవిడ చేతిలోనే ఉంది. అయినా తట్టారు.

మర్నాడు పుదుచ్చేరిలో ఆగాల్సింది. అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో దిగలేదు. ఇంకో రోజు నీళ్లమీదే. టిఫిన్ దగ్గర పూరీ తుంచుకుంటూ, ఎవరివైపూ చూడకుండా అత్తయ్య అన్నారు. ‘మా గదిలో ఆ బీరువా ఎందుకసలు? హాల్లో పెట్టిస్తే ఇంకో మంచం సుబ్బరంగా పడుతుంది. నా మంచం కదపక్కర్లేదు కూడా.’

ఓడ గోడలు ఎంత పల్చనో నాకు అప్పుడు అర్థమైంది. లేక పాప చెప్పిందో! అమ్మ తలెత్తలేదు. కూర గిన్నె మాత్రం అత్తయ్యవైపు జరిపింది.

చెన్నైలో దిగి అమ్మ రాజమండ్రి వెళ్లిపోయింది. దసరాకు ‘పదిరోజులు ఉండివెళ్తా’నని వచ్చి సంక్రాంతి దాకా ఉంది. అప్పటినుంచీ ఏడాదిలో సగం మాతోనే. మామిడికాయలు వచ్చే వేళకు వెళ్లి ఆవకాయ పెట్టుకుని, గోదావరిలో కొత్తనీరు చూసుకుని గానీ రాదు. మా హాల్లో బట్టల బీరువా చూసి వచ్చినవాళ్లంతా ఇదేమిటని అడుగుతారు. గదిలో ముగ్గురూ పోట్లాడుకోరని కాదు. ఫ్యానా ఏసీనా అని, ఏ సీరియల్ పెట్టాలని రోజూ ఉన్నదే. పాప మొన్న తలుపుమీద స్నానాల టైమ్‌టేబుల్ అంటించింది. పెద్దవాళ్లిద్దరూ దాన్ని చూసి నవ్వి ఊరుకున్నారు.

మీరు వెళ్తుంటే...

నాలుగు బెర్తుల గది తీసుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కింది రెండు మంచాలు విడివిడిగా ఉండాలో కలిపి వెయ్యాలో బుక్ చేసేటప్పుడే చెప్పండి. కొన్ని గదుల్లో పై బెర్తుల కింద మంచాల్ని కలపడం కుదరదు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్య గది అడగండి. కుదుపు అక్కడ తక్కువ. నాలుగు పెద్ద పెట్టెలు తెస్తే కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. మెత్తటి సంచులైతే మంచం కిందికి దూరతాయి. బాత్‌రూమ్ గడప ఎత్తుగా ఉండొచ్చు, రాత్రిపూట పెద్దవాళ్లు తట్టుకుని పడే ప్రమాదం ఉంది. కిటికీ లేని గదిలో కటిక చీకటి కాబట్టి ప్రయాణంలో వాడుకునే చిన్న బ్యాటరీ దీపం ఒకటి తలగడ పక్కన ఉంచుకోండి. పై బెర్తు నిచ్చెన మెట్లు సన్నగా ఉంటాయి, వట్టి కాళ్లతో ఎక్కితే అరికాళ్లు నొస్తాయి. అలాగని సాక్సులు వేసుకుని ఎక్కకండి, జారతాయి.